ఎనిమిది గజాల పేరు

పదకొండో వారం

కిందటివారం మార్సలీని మనం కిటికీ పక్కన, ఒళ్ళో పాత కిల్టుతో, చేతిలో చిన్న కత్తెరతో వదిలి వచ్చాం. ఆమె పెళ్ళికి ఇంకా ఐదు వారాలుంది. పెళ్ళికొడుకు ఈవన్ గోర్డన్ చనిపోయిన తన తాత విల్లీ కిల్టునే, నడుముకి చుట్టే ఆ కుచ్చిళ్ళ గళ్ళ బట్టనే, కట్టుకుని పెళ్ళి పీట మీదికి వస్తానని పట్టుబట్టాడు. తాత సన్నంగా చువ్వలా ఉండేవాడట. మనవడు కొండల మీద రాతి గోడలు కట్టీ కట్టీ పీపాలా తయారయ్యాడు. నడుము కాస్త వదులు చేద్దామని మార్సలీ లోపలి అస్తరు విప్పింది. విప్పిన చోట, కట్టుకున్నవాడి వెన్నుకి ఆనే జాగాలో, జానెడు వెడల్పున ఎర్ర గళ్ళ పట్టీ కనబడింది. అక్కడ ఒక్కో ఇంటిపేరుకి ఒక్కో రకం గళ్ళు. పైనంతా గోర్డన్ల నీలం, ఆకుపచ్చ, మధ్యలో పసుపు గీత. లోపల మాత్రం ఎవరిదో ఎరుపు. దాని అంచు వెంబడి పడ్డ కుట్లు చూడగానే మార్సలీ కత్తెర కింద పెట్టేసింది. ఎడమచేతివాటం మనిషి వేసిన వాలు కుట్లు అవి. వాళ్ళ కిల్టుల కొట్టులో ఎడమచేత్తో కుట్టింది ఒక్కతే, ఆమె నాయనమ్మ ఐసబెల్.

ఆ రాత్రి మార్సలీకి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే నమూనా పుస్తకాలన్నీ ముందేసుకుని ఆ ఎరుపు ఎవరిదో వెతికి పట్టింది. ఎరుపు మీద ఆకుపచ్చ గళ్ళు, వాటి మధ్య సన్నని తెల్ల గీతా పసుపు గీతా. మెక్‌ఫీల గళ్ళు. పేరు చదివాక ఆమె కాసేపు పుస్తకం మూసి దానిమీదే చెయ్యేసుకుని కూర్చుంది.

మెక్‌ఫీ అంటే చిన్న పేరేం కాదు. పడమటి దీవుల్లో ఒకప్పుడు కొలన్సే దీవి మొత్తం వాళ్ళదే. దీవుల ప్రభువుకి దస్తరాలు రాసిపెట్టింది కూడా ఆ వంశమేనని చెప్పుకుంటారు. కానీ వాళ్ళ ఊరు క్రీఫ్ చుట్టుపక్కల ఆ పేరు వింటే జనానికి గుర్తొచ్చేది దీవులూ దస్తరాలూ కాదు. గుడారాలు, గుర్రపు బళ్ళు, ఊరూరా తిరిగి రేకు చెంబులకు మాట్లు వేసే చేతులు, కోతల కాలంలో పళ్ళు కోయడానికి పిలిచి, కోత అయిపోగానే ఊరి పొలిమేర దాటించే మనుషులు. టింకర్లు అంటారు వాళ్ళని. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. కొందరు ఎదురుగానే అంటారు.

మార్సలీ ఈవన్‌కి ఫోన్ చేసింది. "పది గంటలకి పెరటి గుమ్మం వైపు రా. మీ నాయనమ్మని కూడా తీసుకురా. కిల్టు గురించి" అంది. ఇంకేం చెప్పలేదు.

మర్నాడు ఆదివారం ఊళ్ళో కొండజాతర ఆటలు. అందుకని ఆ శనివారం డ్రమ్మండ్ల కొట్టు పొద్దున్నుంచే కిక్కిరిసింది. నాలుగు తరాల కొట్టు అది. ఇప్పటి యజమాని, మార్సలీ తండ్రి హ్యూ డ్రమ్మండ్, బల్ల వెనక నిలబడి ఉంటే చర్చిలో పాదిరీ గారు కూడా అంత ఠీవిగా కనబడరు. ఆ కొట్టుకో ఆచారం ఉంది. ఊరంతా ఎరిగిన మనిషైనా సరే, బల్ల ముందు నిలబడి తన ఇంటిపేరు తన నోటితో పైకి చెప్పాలి. హ్యూ దాన్ని పెద్ద పుస్తకంలో తన చేత్తో రాస్తాడు. రాశాకే టేపు నడుముకి తగులుతుంది. ఇంటిపేరుకి గళ్ళు లేకపోతే తల్లి పుట్టింటి పేరు అడుగుతాడు, అదీ కాకపోతే వాళ్ళు పుట్టిన జిల్లా గళ్ళు చూపిస్తాడు. ఊళ్ళో ఎవరి పేరు ఏ లోయలో పుట్టిందో వాళ్ళకంటే తనకే బాగా తెలుసని ఆయన నమ్మకం. నలభై ఏళ్ళలో ఒక్క పేరు తప్పు చెప్పలేదని గొప్ప కూడాను.

"ఆ నీలంది బాగుందండీ, అది ఇవ్వరూ?" అంటున్నాడు ఆస్ట్రేలియా నుంచి దిగిన పళ్ళ డాక్టరొకాయన.

"బాగుండటానికి అదేమైనా కిటికీ పరదానా బాబూ? ముందు మీ అమ్మగారి పుట్టింటి పేరు చెప్పండి" అన్నాడు హ్యూ.

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. గోడవార బెంచీ మీద కూర్చున్న ఆర్చీ మర్రే కూడా నవ్వాడు. ఆర్చీ ఊరి బ్యాండుకి పెద్ద. ముప్పై ఏళ్ళుగా ఆటల ఊరేగింపుకి ముందు నడిచేది ఆయనా, చంకలో తిత్తితో వాయించే ఆయన బాకానూ. ఊళ్ళో పెళ్ళైనా చావైనా ఆయన వాయించనిది జరిగినట్టు లెక్కలోకి రాదు. పొద్దున్నే కిల్టు నడుము పట్టా తెగిందని పరుగెత్తుకొచ్చాడు. అది బాగయ్యేదాకా పెద్దమనిషి నడుముకి కొట్టువారి గళ్ళ దుప్పటి చుట్టుకుని, మేజోళ్ళు పైకి లాక్కుని, గంభీరంగా కూర్చున్నాడు.

పది కొట్టేసరికి పెరటి గుమ్మం తలుపు చప్పుడైంది. ఈవన్, వాడి చెయ్యి పట్టుకుని నాయనమ్మ ఎఫీ. ఎనభై నాలుగేళ్ళ మనిషి, పిడికెడు ఉంటుంది. టోపీ, చేతిసంచీ, సంచీలో పిప్పరమెంట్లు.

"ఏంటే, తాత జేబులో పాత ప్రేమలేఖలేమైనా దొరికాయా? నాయనమ్మ ముందు చదవకు, ఈ వయసులో విడాకులంటే కష్టం" అన్నాడు ఈవన్.

మార్సలీ నవ్వలేదు. కుట్టుబల్ల మీద కిల్టుని బోర్లా పరిచి అస్తరు పక్కకి తీసింది.

ఎఫీ చూసింది. టోపీ తీసి బల్లమీద పెట్టింది. ఆ ఎర్ర పట్టీ మీద, నిద్రపోతున్న పసిపిల్ల వీపు మీద వేసినట్టుగా, అరచెయ్యి వేసింది.

"బయటికొచ్చావా? ఎన్నాళ్ళకి" అంది ఆ గుడ్డతోనే.

"నాయనమ్మా, ఏంటిది?" అన్నాడు ఈవన్. వాడి గొంతులో హాస్యం దిగిపోయింది.

"మీ తాత పేరు రా."

ఆమె నిలబడే చెప్పింది. కుర్చీ లాగితే వద్దంది. విల్లీ మెక్‌ఫీ పుట్టింది టే నది ఒడ్డున గుడారంలో. పద్దెనిమిదో ఏట గోర్డన్ పటాలంలో చేరి మలయా అడవుల్లో మూడేళ్ళు ఉన్నాడు. ఆ పటాలంలో ఎవడి ఇంటిపేరు ఏదైనా కట్టేది గోర్డన్ గళ్ళే. తిరిగొచ్చి ఎఫీని చేసుకున్నాడు. ఆవిడ కడుపుతో ఉంది. చలికాలం లోపు నాలుగు గోడల మధ్య పడుకోవాలని ఇద్దరికీ ఆశ. కొండ కింద ఒక రైతు ఇల్లు అద్దెకిస్తానంటే వెళ్ళారు. పేరు చెప్పగానే ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నాడాయన. వారం తర్వాత విల్లీ ఒక్కడే పటాలం కిల్టు కట్టుకుని పక్క లోయలో ఇంకో రైతు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి రైతు పేరు అడగలేదు. కిల్టు చూసి, "గోర్డన్‌వా?" అన్నాడు. విల్లీ అవునన్నాడు. ఆ మధ్యాహ్నానికే తాళంచెవి చేతిలో పడింది.

"అవునన్నాడు, అంతే. ఒక్క మాట. ఆ ఒక్క మాట మీద అరవై ఏళ్ళు కాపరం చేశాం" అంది ఎఫీ. "తర్వాత పటాలం కిల్టు తిరిగిచ్చేయాల్సి వచ్చింది. సొంతానికొకటి కావాలిగా, లేకపోతే జనం అడుగుతారు. ఈ కొట్టుకొచ్చాం. మార్సలీ, అప్పుడు మీ నాయనమ్మ ఉండేది బల్ల దగ్గర. పేరు చెప్పు అంది. నా మొగుడికి నోరు పెగల్లేదే పిల్లా. తుపాకుల మధ్య తిరిగొచ్చినవాడు, ఆ బల్ల ముందు నిలబడి ఏడ్చాడు. ఐసబెల్ మిగతా వాళ్ళని బయటికి పంపి తలుపేసింది. అంతా విన్నది. విని, 'పైన నీకేది కావాలంటే అది కుడతాను విల్లీ. లోపల మాత్రం నీ పేరే ఉంటుంది. పేరు లేని కిల్టు నా చేత్తో కుట్టను' అంది. ఈ పట్టీ ఎక్కడ సంపాదించిందో, ఎవర్ని అడిగి తెచ్చిందో, ఈరోజుకీ నాకు తెలీదు."

కొట్టు ముందు వైపు నుంచి హ్యూ నవ్వు వినబడుతోంది.

"మా నాన్నకి తెలుసా?" అన్నాడు ఈవన్.

"తెలుసు. చెప్పొద్దని మీ తాత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. నీదాకా రానివ్వకూడదని."

"నాదాకా ఏది రానివ్వకూడదని? అవమానాలా, పేరా?"

"అవమానాలు రా నాన్నా. అవి ఆపాలంటే పేరూ ఆపాల్సొచ్చింది."

ఈవన్ తన చేతుల వంక చూసుకున్నాడు. పగుళ్ళిచ్చిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ రాతి దుమ్ము. ఆ లోయలో పది మైళ్ళ గోడ కట్టాయి ఆ చేతులు. "రాళ్ళు ఎప్పుడూ ఇంటిపేరు అడగలేదు, అందుకే కాబోలు నాకు అవి నచ్చాయి" అన్నాడు. అని బల్లకి ఆనుకున్నాడు.

మార్సలీకి వాణ్ణి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఇప్పుడు తన చెయ్యి ఎటు పడితే వాడు అటు మొగ్గుతాడని ఆమెకి తెలుసు. అది తనకి ఇష్టం లేదు.

"విను. మెక్‌ఫీ గళ్ళు మేము నిల్వ ఉంచం, చెప్తేనే మిల్లువాళ్ళు నేస్తారు. ఈరోజు పన్నెండింటి దాకానే ఉంటారు వాళ్ళు, సోమవారం నుంచి రెండు వారాలు సెలవులు. ఇప్పుడు చెప్తేనే పెళ్ళికి ఎనిమిది గజాలు అందుతుంది. చెప్పాలంటే పేరు నాన్న పుస్తకంలో పడాలి. అక్కర్లేదంటావా, ఈ అస్తరు మళ్ళీ కుట్టేస్తాను. గంట పని. నువ్వు గోర్డన్‌గా నా పక్కన నిలబడతావు. నేను నీకేసి చూసే చూపులో ఏ తేడా ఉండదు."

"మీ నాన్న చూపులో?"

మార్సలీ అబద్ధం ఆడలేకపోయింది. నిశ్చితార్థంనాడు హ్యూ ఆ పాత కిల్టు చూసి ఎంత మురిసిపోయాడో ఆమెకి గుర్తుంది. ప్రతి కుచ్చిలి మీదా పసుపు గీత నిలువుగా దిగేలా పెట్టిన పటాలం కుచ్చిళ్ళు అవి. ఇళ్ళల్లో వాళ్ళయితే గళ్ళు గళ్ళతో కలిసేట్టు పెట్టుకుంటారు. "పేరూ గోర్డనే, పటాలమూ గోర్డనే, రెండింతల గోర్డన్ దొరికాడే నా కూతురికి" అని విందులో గ్లాసెత్తాడు. కుచ్చిళ్ళు చూసి పటాలం కనిపెట్టినవాడికి, పటాలం బట్ట ఎవడైనా కట్టొచ్చన్న సంగతి ఆ ఒక్కరోజు తట్టలేదు. ఇష్టమైనది కళ్ళెదుట ఉంటే ఎంత నేర్పరికైనా అంతే.

"ఆయన తట్టుకోలేడు. పెళ్ళి వద్దంటాడు. కొట్టు నాకివ్వనంటాడు. అది నా సంగతి, నేను చూసుకుంటా. నీ పేరు సంగతి నువ్వు చూసుకో" అంది.

ఈవన్ ఎఫీ వంక చూశాడు. "నువ్వు చెప్పు నాయనమ్మా."

"నేనేం చెప్పను? ఎవరి పేరు వాళ్ళ నోటి నుంచే రావాలి. ఇంకొకరు లాగితే అది పేరు కాదు, పన్ను" అంది ఎఫీ.

గోడగడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. ఈవన్ చొక్కా సర్దుకుని ముందు కొట్టులోకి నడిచాడు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళి వరుస చివర నిలబడ్డాడు.

అది చూశాక మార్సలీకి కళ్ళు నిండాయి. భయంతో కాదు. ఇంత పొగరు ఉన్నవాణ్ణి ఏరుకున్నందుకు తన మీద తనకే గర్వం వేసింది.

వరుస నెమ్మదిగా కదిలింది. పళ్ళ డాక్టరుకి ఎట్టకేలకు తల్లి పుట్టింటి పేరు గుర్తొచ్చింది. ఆయన తర్వాత ఇద్దరక్కచెల్లెళ్ళు. ఆ తర్వాత ఈవన్. పన్నెండుకి పావు తక్కువ.

"నీకు వరుసేంటయ్యా? ఇంటల్లుడివి, లోపలికెళ్ళి టీ తాగక!" అన్నాడు హ్యూ.

"పేరు రాయించుకోవాలి డ్రమ్మండ్ గారూ."

"నీ పేరు నాకు తెలీదా? నా కూతురి శుభలేఖల మీద అచ్చేయించాను" అని నవ్వుతూ కలం తీశాడు. "ఆచారం ఆచారమే అంటావు, అంతేగా? బాగుంది. పైకి చెప్పు, అందరూ వినేట్టు."

"మెక్‌ఫీ."

కలం కాగితం మీదికి దిగబోయి ఆగింది. హ్యూ కనుబొమలు పైకి లేపి, ఇంకా నవ్వుతూనే, "ఆ పేరుతో పరాచికాలాడకు. ఊరి నిండా కొత్తవాళ్ళు, నిన్ను టింకరనుకుంటారు" అన్నాడు.

"అనుకోనివ్వండి. మా తాత టింకరే. విల్లీ మెక్‌ఫీ. నేను ఆయన మనవణ్ణి, ఈవన్ మెక్‌ఫీని. నాకు మెక్‌ఫీ గళ్ళు ఎనిమిది గజాలు కావాలి, పెళ్ళికి."

హ్యూ మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఎండిపోయింది. గొంతు తగ్గించి, "లోపలికి పద. లోపల మాట్లాడుకుందాం" అన్నాడు.

"లోపల అరవై ఏళ్ళుంది డ్రమ్మండ్ గారూ. ఇక బయటే మాట్లాడుకుందాం."

హ్యూకి చెవులు ఎర్రబడ్డాయి. అందరిముందూ ఒక్కసారిగా పాతికేళ్ళు మీదపడ్డట్టు కనిపించాడు. మార్సలీకి తండ్రి మీద జాలి కలిగింది. ఆయన చెడ్డవాడు కాదు. తనకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని కథలు చెప్పినవాడు. ఆ కథల్లో మాత్రం మంచివాళ్ళందరికీ పెద్ద పేర్లుండేవి.

"నా ఇంట్లో నా బల్ల మీద కూర్చుని భోంచేశావు. గోర్డన్‌నన్నావు. హంట్లీ వైపు గోర్డన్లని నీ వంశం నేను నా చేత్తో రాసి పటం కట్టించి ఇచ్చానే! గోడకి కొట్టుకున్నావే!" అన్నాడు హ్యూ.

"మీరు రాశారు, నేను నమ్మాను. నాకూ ఈవేళ పదింటికే తెలిసింది."

"అయితే ఎవరు మోసం చేసినట్టు? మీ తాతా?"

"మోసం మాటెత్తకు హ్యూ బాబూ" అంటూ ఎఫీ పెరటి గదిలోంచి వచ్చింది. కిల్టు రెండు చేతుల మీదా పరుచుకుని, గుడిలో హారతి పళ్ళెం తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి, బల్లమీద, తెరిచిన పుస్తకం పక్కనే పెట్టింది. అస్తరు తొలగించింది. "నీకు చదవడం రాని పేరు లేదంటారుగా. ఇది చదువు. పేరు తర్వాత. ముందు కుట్టు చదువు."

హ్యూ వద్దనుకుంటూనే వంగి చూశాడు. వేలితో ఆ వాలు కుట్లు తడిమాడు. ఆ వేలు ఆగిపోయింది.

"అమ్మ" అన్నాడు మెల్లగా.

"అవును, మీ అమ్మే. లోపల వాడి పేరుంటేనే కుడతానంది."

"నాకు ఒక్కనాడు చెప్పలేదు."

"అప్పటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. తర్వాత నువ్వు పెరిగిన తీరు చూసి చెప్పలేదేమో!" ఎఫీకి ఇక కోపమొచ్చింది. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు ఎంతమంది ఉన్నారు ఈ ఊళ్ళో? ఎవరూ వాళ్ళని గుమ్మంలో ఆపరు. నా మొగుడు ఒకరి గడ్డిపోచ ముట్టలేదు. ఆయన వేసిన మాటు కారిన గిన్నె ఒక్కటి చూపించు. నా మనవడు కట్టిన గోడ దూకిన గొర్రె ఒక్కటి చూపించు. సిగ్గుతో దాచలేదయ్యా మేము ఆ పేరు. మీ అందరి నుంచీ కాపాడి దాచుకున్నాం."

వరుసలో ఎవరో "అంతే మరి" అన్నారు. ఇంకెవరో ఉష్షన్నారు.

హ్యూ ఒక్క క్షణం మెత్తబడ్డాడు. మార్సలీ చూసింది, ఆయన వేలు ఇంకా తల్లి కుట్టు మీదే ఉంది. ఇంకొక్క నిమిషం ఎవరూ చూడకుండా ఉంటే ఏమయ్యేదో. కానీ వరుస అంతా చూస్తోంది. రేపు ఆటల పెద్దగా ఊరేగింపులో నడవాల్సిన మనిషాయన. నలభై ఏళ్ళలో ఒక్క పేరు తప్పు చెప్పని మనిషి. తప్పు బయటపడ్డది సొంత అల్లుడి దగ్గర, సొంత బల్ల ముందు. ఆయన వేలు వెనక్కి తీసుకుని పుస్తకం మూసేశాడు.

"ఈ పుస్తకంలో ఆ పేరు నేను రాయను."

"ఎందుకు నాన్నా?" అంది మార్సలీ. అంతసేపటికి ఆమె నోరు విప్పింది. "మెక్‌ఫీలు దీవుల ప్రభువుకి దస్తరాలు రాసిన వంశమని నాకు చెప్పింది ఎవరు? నువ్వే. ఏడేళ్ళప్పుడు నన్ను ఈ బల్లమీద కూర్చోబెట్టుకుని చెప్పావు. అంతమంది పేర్లు రాసిపెట్టిన వాళ్ళ పేరు రాయడానికి నీ పుస్తకంలో చోటు లేదా?"

"అది దీవుల్లో. ఎప్పటి మాటో."

"పేరు అదేగా."

"మార్సలీ, వీధిన పడకు."

"నేను కొట్టులోనే ఉన్నాను నాన్నా."

ఆమె బల్ల వెనక్కి వెళ్ళింది. పుస్తకం తనవైపు తిప్పుకుని తెరిచింది. తండ్రి చేతిలోంచి కలం లాక్కోలేదు, తన ఏప్రను జేబులో గళ్ళు గుర్తు పెట్టుకునే పెన్సిలుంది, అది తీసింది. పెద్ద పెద్ద అక్షరాలతో 'ఈవన్ మెక్‌ఫీ, కిల్టు, ఎనిమిది గజాలు' అని రాసింది. కింది గీత మీద 'మార్సలీ, పెళ్ళికూతురి భుజం పట్టీ, అవే గళ్ళు' అని రాసింది. టెలిఫోను ఎత్తి మిల్లుకి చేసింది. కొట్టు మొత్తం వింటుండగా పేరు చెప్పి, అవతలివాళ్ళు మళ్ళీ అడిగితే, ఇంకా గట్టిగా చెప్పింది. ఫోన్ పెట్టేసరికి పన్నెండుకి మూడు నిమిషాలు తక్కువ.

ఈవన్ తల తను కట్టిన గోడలంత తిన్నగా ఉంది.

"సరే," అన్నాడు హ్యూ. "బట్ట రానీ. కానీ ఆ కిల్టు ఈ కొట్టులో కుట్టవు. నీ సూదులూ మైనం సర్దుకో."

ఆ మాట మార్సలీకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తను కుట్టుకునే కిటికీ నాయనమ్మ కూర్చున్న కిటికీయే, ఆ వెలుతురులోనే తను మొదటి కుచ్చిలి పెట్టడం నేర్చుకుంది. అయినా ఏడవలేదు. "సర్దుకుంటాను నాన్నా. నాయనమ్మ సూదులు కూడా తీసుకుంటాను. అవి ఈ పేరు కుట్టిన సూదులే" అంది.

"మా ముందుగదిలో కిటికీ పెద్దదే. దక్షిణం వైపు" అంది ఎఫీ, ఎవరినీ ఉద్దేశించకుండా.

హ్యూ ఇంక నిలదొక్కుకోలేకపోయాడు. తనవైపు మాట్లాడేవాళ్ళ కోసం వరుస కేసి చూశాడు. ఒకరు నేల చూస్తున్నారు, ఒకరు చేతిగడియారం చూస్తున్నారు. ఆస్ట్రేలియా పళ్ళ డాక్టరు మాత్రం ఈవన్‌ని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పుడు హ్యూ కళ్ళు గోడవార బెంచీ మీద పడ్డాయి. ఊరంతా గౌరవించే మనిషి, రేపు ఊరి ముందు నడిచే మనిషి, తను ముప్పై ఏళ్ళుగా మర్రేల ముదురు గళ్ళ కిల్టు కుట్టి కట్టబెడుతున్న మనిషి.

"ఆర్చీ, నువ్వు పెద్దవాడివి. నువ్వు చెప్పు. ఈ ఊళ్ళో పరువున్నవాడెవడైనా ఆ పేరువాళ్ళతో చుట్టరికం ఒప్పుకుంటాడా?"

చాలాసేపటి నుంచి ఆర్చీ మర్రే ఆ బల్లమీది ఎర్ర పట్టీనే చూస్తున్నాడు. నడుముకి చుట్టిన దుప్పటి జారకుండా ఒక చేత్తో పట్టుకుని లేచాడు. ఇంకెప్పుడైనా అయితే జనం నవ్వేవాళ్ళే. ఎవరూ నవ్వలేదు. ఆయన అంగలు బారగా వేస్తూ, వీధుల్లో బ్యాండు ముందు నడిచినట్టే నడిచి, హ్యూని దాటి ఎఫీ దగ్గరికి వెళ్ళాడు. మార్సలీ ఎరిగినంతలో ఆయన ఎప్పుడూ ఆ ముసలావిడ వీధిలో కనబడితే టోపీ ఎత్తి, 'బాగున్నారా ఎఫీ గారూ' అని, తన దారిన తాను పోయేవాడు.

బల్ల పక్కనున్న కుర్చీ ఎఫీ వెనక్కి లాగి, ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు కూర్చో పిన్నీ. విల్లీ చిన్నాన్న ఇంటిపేరే నేనూ రాయించుకోవాలి, నా వంతు వచ్చేదాకా ఎంతసేపని నిలబడతావు?"